నాలుగో చాంబర్‌లో పడక

మే నెల. గుంటూరులో గోడకి వీపు ఆనిస్తే
గోడే మనల్ని తోసేస్తుంది.
అలాంటి రోజున
మంచు మీద వేసుకునే పరుపు కోసం బెజవాడ వెళ్ళాను.

బీసెంట్ రోడ్డు వెనక సందు, రెండో అంతస్తు.
ఫ్యాను కింద చెమటలు కక్కుతూ కొట్టు కుర్రాడు ఇమ్మానుయేలు
మైనస్ ఐదు గురించి చెప్పాడు,
నిన్ననే చూసొచ్చినవాడిలా.
"ఎటు తిరిగి పడుకుంటారు మేడం?"
నలభై ఎనిమిదేళ్ళలో ఎవరూ నన్ను అడగని ప్రశ్న.
పక్కకి, అన్నాను. ఎడమ పక్కకి.
రాత్రంతా నా తుంటి ఎముక నేలతో తగువాడుతుంది, అదీ నా బాధ.

నీలం రంగు నురుగు చాప: కోడిగుడ్ల అట్టలా గుంటలు గుంటలు,
మడిస్తే హార్మోనియం తిత్తి.
నారింజది ఊదుకోవాలి. లోపల వెండి రేకు,
చుట్టేస్తే చెంబంత.
అట్ట మీద ఒక అంకె, వేడిని ఏపాటి ఆపుతుందో చెప్పేది:
నీలానికి రెండు, నారింజకి నాలుగున్నర.
ఇరవై రెండేళ్ళుగా మిర్చి కోల్డ్ స్టోరేజీలో లెక్కలు రాస్తున్నదాన్ని.
అంకెని నమ్మను. బస్తా చూశాకే సంతకం.

రెండూ పట్టుకెళ్ళి ఒకటి తిరిగిస్తానని
బతిమాలి, డిపాజిట్ కట్టి,
ప్యాసింజర్‌లో ఒళ్ళో పెట్టుకుని కృష్ణ దాటాను.

ఆ రాత్రి బస్తాల మధ్య, నాలుగో చాంబర్‌లో,
ఆరు డిగ్రీల సిమెంటు మీద పక్క వేశాను.
తలుపు దగ్గర స్టూలు వేసుకున్నాడు వాచ్‌మన్ దావీదు.
"మీరు గడ్డకడితే
రిజిస్టర్లో ఏ కాలమ్‌లో రాయమంటారండీ?"

ముందు నీలం.
అరగంట బాగానే ఉంది. తర్వాత
తుంటి నొక్కిన చోట నురుగు పలచబడి
చల్లదనం వేలు పెట్టి పొడిచింది.
ఇన్నేళ్ళూ చలి పైనుంచి దిగుతుందనుకున్నాను,
ఉన్న దుప్పట్లన్నీ పైకే కప్పుకున్నాను.
కాదు. నేల తీసుకుంటుంది, అడక్కుండా,
చేబదులు పట్టుకెళ్ళి మాట మార్చే చుట్టంలా.

తర్వాత నారింజ.
ఇరవై ఒక్క ఊపిరి పట్టింది.
ఘాటుకి మధ్యలో నాలుగు తుమ్ములు,
రెండు లోపలికే పోయాయి.
కదిలితే అప్పడాల సంచిలా కరకర.
కానీ తుంటి నోరు మూసుకుంది.
నా ఊపిరి మీద నేనే పడుకుని
పైకి చూస్తే కప్పు దాకా బస్తాలు:
పొలంలో తాగిన ఎండనంతా
రంగు పోకుండా చలిలో దాచుకున్న మిరప.
దానికి చలి పోకూడదు, నాకు వేడి పోకూడదు.
తలుపు ఒకటే,
ఎవరు ఎటువైపు ఉన్నారన్నదే తేడా.

మూడింటికి దావీదు లేపితే
"ఇంకో అరగంట" అన్నాను.
తీర్పు అయిపోయినట్టే.

ఈలోగా నీలం చాప స్టూలు మీద మడిచి వేసుకున్నాడు అతను.
"కింద చలి తెలీట్లేదండీ, నిద్రొస్తోంది,
డ్యూటీకి పనికిరాదిది" అన్నాడు,
లేవలేదు.

తెల్లారాక నారింజదాన్ని కాటా మీద పెట్టాను.
క్వింటాళ్ళకి అలవాటైన కాటా
సున్నా దగ్గరే నిలబడి నా వంక చూసింది.
సరే. మరి కొండ మీద ముల్లు గుచ్చుకుంటే?
అక్కడ పంచర్లు వేసే సుభానీ ఉండడు.
నీలాన్ని గోనెలు కోసే కత్తితో అడ్డంగా కోశాను,
ఒక ముక్క నా తుంటి కిందికి,
రెండోది దావీదు స్టూలుకి.
డిపాజిట్ మీద మిగతా డబ్బు
జీతాలు వచ్చాక పంపిస్తానని కొట్టుకి ఫోన్ చేశాను.
"ఏది బాగుంది మేడం?" అన్నాడు ఇమ్మానుయేలు.
ఒకటిన్నర, అన్నాను.

సంచి సర్దేముందు నా ముక్కని
రెండుసార్లు దులిపాను, మెట్టుకేసి కొట్టాను.
గుంటల్లో ఇంకా మూడో నాలుగో గింజలు.
ఉండనీ.
వాటికి చలి కొత్త కాదు.